ఒకసారి దగ్గమ్మా

అక్క పోయిన రోజు పొద్దున ఆమె పదకొండు మంచాల మీద దుప్పట్లు మార్చింది. పన్నెండో మంచం దగ్గరికి వచ్చి ఆగింది. అది రెండు రోజులుగా ఖాళీ. దాని మీద ఉండవలసిన మనిషి పై అంతస్తులో, గొంతులో గొట్టంతో, యంత్రం ఊదుతున్న ఊపిరి పీలుస్తోంది. ఎవరూ పడుకోని మంచానికి దుప్పటి మార్చనక్కర్లేదు. అయినా మార్చింది. నాలుగు మూలలూ లాగి, మడిచి, పరుపు కిందకి తోసి, నిలబడి చూసుకుంది. అక్క కుట్టుపని చేసేది. మడత వంకరగా ఉంటే ఊరుకునేది కాదు. అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. "సిస్టర్, మీరొకసారి పైకి రండి" అన్నారు. నర్సుగా పనిచేసిన ఇరవై రెండేళ్ళలో అదే మాట ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. దాని అర్థం తెలియనివాళ్ళు మెట్ల మీద పరిగెడతారు. ఆమె నడిచే వెళ్ళింది.

అక్కకి పిత్తాశయంలో రాళ్ళు. కుడివైపు పక్కటెముకల కింద జానెడు కోత పెట్టి తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజుకి జ్వరం, ఊపిరితిత్తుల్లో నిమ్ము. ఆరో రోజుకి మనిషి లేదు.

"నువ్వక్కడే ఉన్నావు కదమ్మా" అన్నాడు బావ, అందరూ వెళ్ళిపోయాక. నిందగా అనలేదు. అర్థంకాక అన్నాడు. నిందిస్తే ఏదో ఒక జవాబు చెప్పేది.

సెలవు అయిపోయి వార్డులోకి వచ్చిన రోజు ఆమె చేసిన మొదటి పని రికార్డు గదిలోంచి అక్క చార్టు తీయించడం. జ్వరం గీత, నాడి గీత, వాటి కింద నొప్పి వరస. సున్నా నుంచి పది దాకా రోగి ఎంత చెబితే అంత రాయాలి. మొదటి మూడు రోజుల్లో పదకొండు గళ్ళు. పదకొండింటిలోనూ మూడే. అందులో ఏడు ఆమె చేతిరాత.

మూడు ఎక్కడిదో ఆ ఆసుపత్రిలో ఏ నర్సుకీ చెప్పనక్కర్లేదు. నాలుగు, ఆపైన రాస్తే డ్యూటీ డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, గులాబీ రంగు ఫారం నింపాలి, ఆయన వచ్చేదాకా ఎదురుచూడాలి, వచ్చాక "చీటికీ మాటికీ పిలుస్తారేంటి, కడుపు కోస్తే నొప్పి పుట్టకుండా పువ్వులు పూస్తాయా?" అన్నది వినాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పెద్ద సిస్టర్ ఒకావిడ ఆమెను పక్కకి పిలిచి చెప్పింది: "నాలుగు వేస్తే నాలుగు ఫోన్లు. మూడు వేస్తే ఒక్క సంతకం. తెలివైనదానివి, నీకే అర్థమవుతుంది." అర్థమైంది. ఆ తర్వాత చేరినవాళ్ళకి ఆమే అర్థమయ్యేలా చెప్పింది. మగవాళ్ళ వార్డులో ఈ తెలివి పనికిరాదు. అక్కడ రోగి అరుస్తాడు, అతను అరవకపోతే తల్లి అరుస్తుంది, ఆవిడ వెనక నుంచి పెళ్ళాం కళ్ళు తుడుచుకుంటుంది. ఆరో ఏడో రాసి ఫోన్ చేస్తేగాని వార్డులో నిలబడనివ్వరు. ఆడవాళ్ళ వార్డులో "ఎలా ఉందమ్మా?" అంటే ఆ మనిషి ముందు మొగుడి మొహం చూస్తుంది. తర్వాత అత్తగారి మొహం. తర్వాత "పర్లేదండీ" అంటుంది. పర్లేదంటే మూడు.

అక్క కూడా అంతే. రెండో రోజు పొద్దున బావ మంచం పక్కన కూర్చుని నారింజపండు వలుస్తున్నాడు. "ఎలా ఉందే?" అని ఆమె అడిగింది, పెన్ను గడి మీద పెట్టే.

"నొప్పి లేకుండా ఎలా ఉంటుంది, కోశారు కదా. మా ఆవిడ గట్టిది, ఓర్చుకుంటుంది" అన్నాడు బావ. ప్రేమగానే అన్నాడు.

గట్టిది అనిపించుకున్నాక ఆడమనిషికి వెనక్కి తిరిగే దారి ఉండదు. అక్క నవ్వింది. "పర్లేదులే చిట్టీ. దగ్గితేనే ప్రాణం పోయేలా ఉంది. అందుకే దగ్గట్లేదు. నువ్వెళ్ళు, నీకు పనుంది."

అక్క చెప్పిన మాట ఆమె విన్నది. విని, మూడు రాసింది. సంతకం పెట్టింది. వెళ్ళింది. ఆమెకి నిజంగానే పనుంది.

లోకంలో ఆమెను చిట్టీ అని పిలిచే మనిషి ఇంకెవరూ లేరు.

* * *

ఆ నెలలోనే ఆసుపత్రిలో ఒక కమిటీ వేశారు. ఆపరేషన్ తర్వాత నొప్పిని ఎలా తగ్గించాలో, ఎవరికి ఏ మందు ఎంత, ఎన్ని గంటలకోసారి ఇవ్వాలో ఆధారాలతో సహా మార్గదర్శకాలు రాయాలి. దానికి అధ్యక్షుడు పెద్ద సర్జన్. చేయి తిరిగిన మనిషి, లంచం ముట్టడు, గుంపుల్లో ఉండడు, ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "నాకు కథలు చెప్పకండి, కాగితం చూపించండి." పక్కన మత్తు డాక్టరమ్మ, చిన్న వయసు, పెద్ద చదువు. ఇంకో ఇద్దరు డాక్టర్లు, మందుల విభాగం ఆయన. ఆమెను కూడా పిలిచారు. సభ్యురాలిగా కాదు. "మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది సిస్టర్. మినిట్స్ మీరు రాయండి" అన్నారు పెద్ద సర్జన్. గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచారు. "అన్నట్టు, టీ సంగతి కూడా మీరే కాస్త చూడండి."

ముత్యాల్లాంటి చేతిరాత అని ఇంట్లో ఎవరూ అనరు. ఇంట్లో దానితో పాల చీటీ రాయిస్తారు.

ఆమె భర్త చెడ్డవాడేం కాదు. ఆ మాట ఆమె చాలామందికి చెప్పింది, తనకి తాను ఇంకా ఎక్కువసార్లు చెప్పుకుంది. రెండేళ్ళ క్రితం ఆయనకి గజ్జలో గిలకకి, అంటే హెర్నియాకి, ఆపరేషన్ జరిగింది. కోత నాలుగు వేళ్ళంత. నొప్పెంత అని నర్సు అడిగితే, ఆయన పేపరులో ఆటల పేజీ తిప్పుతూ "పది" అన్నాడు. పదంటే మాట పెగలకూడదు, చూపు నిలవకూడదు. ఆయన అది చెప్పాక అటు పేజీ కూడా చదివాడు. అయినా ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంటికొచ్చాక పది రోజులు మంచం పక్కన గంట పెట్టుకున్నాడు. గంట మోగినప్పుడల్లా అత్తగారు వంటింట్లోంచి "వెళ్ళవే, మగాడు, ఓర్చుకోలేడు పాపం" అనేది. ఆమె డ్యూటీ చేసి వచ్చి, ఆ పది రోజులూ ఇంట్లోనూ డ్యూటీ చేసింది. అంతకుముందెప్పుడో ఆమెకి కడుపు కోసి బిడ్డను తీసినప్పుడు ఇదే అత్తగారు ఆరో రోజున బట్టల తొట్టి ముందు పెట్టి అన్నది: "మేమంతా కనలేదా? నేను ఐదో రోజుకే నీళ్ళు మోశాను." అప్పుడు భర్త గుమ్మంలో నిలబడి "నువ్వు నర్సువి, నీకు అలవాటేగా" అన్నాడు. ఏది అలవాటో ఆమెకి ఈనాటికీ తెలియలేదు. నొప్పి చూడటమా? పడటమా?

అప్పుడామె నొప్పి ఎంతో ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేది? కమిటీ గదిలో టీ కప్పులు సర్దుతూ ఆలోచించింది. మూడనే చెప్పి ఉండేది.

మూడో సమావేశంలో పెద్ద సర్జన్ ఒక కాగితం తెచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "మనవే, పదకొండు వందల చార్టులు. మూడేళ్ళవి. కూర్చుని తీయించాను. మగ రోగుల సగటు నొప్పి ఆరు. ఆడ రోగులది మూడు. కోత అదే, కుట్లు అవే. ఆడవాళ్ళకి సహజంగా సహనశక్తి ఎక్కువని మనం అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆధారం దొరికింది. ఏడో నిబంధన రాసుకోండి సిస్టర్. స్త్రీ రోగులకు మొదటి రోజు తర్వాత, వారు అడిగినప్పుడు మాత్రమే నొప్పి మందు ఇవ్వాలి."

మత్తు డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "సార్, బయట జరిగిన పరిశోధనలన్నీ వేరే చెబుతున్నాయి. అడిగేదాకా ఆగకూడదు, గంట ప్రకారం ఇవ్వాలి. పడుకున్నప్పుడు నొప్పి చూస్తే చాలదు, కదిలినప్పుడు చూడాలి, దగ్గించి చూడాలి. పొట్ట పైన కోసినవాళ్ళు నొప్పికి భయపడి దగ్గకపోతే, లోతుగా ఊపిరి తీయకపోతే, కఫం లోపలే పేరుకుపోతుంది. నిమ్ము చేస్తుంది."

"బయటి రోగులు వేరు, మన రోగులు వేరు. అనవసరంగా మందులు పోస్తే మత్తుగా పడుంటారు. మన కాగితం మనకుంది కదా?"

ఆమె రాస్తోంది. "నిమ్ము" అన్న మాట దగ్గర పెన్ను ఆగింది. మళ్ళీ కదిలింది. ఏడో నిబంధనను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పదకొండు వందల చార్టుల్లో తన అంకెలు ఎన్ని ఉంటాయి? తను నేర్పినవాళ్ళు రాసినవి ఎన్ని? ఇన్నేళ్ళుగా ఫోన్ చెయ్యకుండా తప్పించుకున్న ప్రతిసారీ ఒక అంకె వేసింది. ఆ అంకెలన్నీ వరసగా నడిచొచ్చి ఇవాళ ఈ బల్ల ముందు సాక్ష్యానికి నిలబడ్డాయి. పెద్ద సర్జన్ అబద్ధమాడటం లేదు. ఆయన కాగితాన్ని నమ్మారు. కాగితమే అబద్ధం. దాన్ని ఆడించింది తను.

"సిస్టర్, టీ చల్లారిపోయినట్టుంది" అన్నారెవరో.

* * *

మర్నాటి నుంచి ఆమె పొద్దుటి రౌండు మారింది. ప్రతి మంచం దగ్గరా మామూలుగానే, ఇంటివాళ్ళ ముందే "ఎలా ఉందమ్మా, పదికి ఎంత?" అని అడిగేది. తర్వాత "డ్రెస్సింగు చూడాలి, కాస్త బయట ఉండండి" అని అందరినీ పంపేది. తెర లాగేది. కుర్చీ వేసుకుని కూర్చునేది. నర్సు కూర్చోవడం చూసి వాళ్ళు భయపడేవాళ్ళు.

"ఏమైందమ్మా? ఏదైనా చెడ్డదా?"

"ఏం లేదు. ఒకసారి దగ్గమ్మా."

దగ్గడానికి ప్రయత్నించేవాళ్ళు. సగంలో ఆగిపోయేవాళ్ళు. ఒక చెయ్యి కోత మీదికి, ఒక చెయ్యి మంచం కమ్మీ మీదికి పోయేది. అప్పుడు మళ్ళీ అడిగేది. ఒకావిడ, బడిలో లెక్కలు చెప్పే టీచరు, కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి "తొమ్మిది. పది అనను, పిల్లాణ్ణి కన్నప్పుడు పది" అన్నది. ఇంకొకామె చుట్టూ చూసి "నిజం చెబితే ఇంటికి పంపడం ఆలస్యం చేస్తారా?" అని అడిగింది. "ఆలస్యమైతే నీకేమైనా ఇబ్బందా?" అంటే, "ఇక్కడ నన్నెవరూ లేపరు. ఇంకో రెండు రోజులుంటే బాగుణ్ణు" అన్నది. ఒక ముసలామె మాత్రం మొదటిసారీ "మూడు" అన్నది, దగ్గాక కళ్ళ నీళ్ళు కారుతూ కూడా "మూడే" అన్నది. "అబద్ధం చెబుతున్నావు కదూ" అంటే, "బతుకంతా ఇదే చెప్పానమ్మా, నోరు తిరగట్లేదు" అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది.

ఆమె యూనిఫారాలన్నీ అక్క కుట్టినవే. లోపలివైపు ఒక జేబు పెట్టేది. "మీ పెద్ద డాక్టర్లకి కనపడకుండా నీదంటూ ఏదైనా పెట్టుకో" అనేది. ఇన్నాళ్ళూ అందులో పెట్టుకోవడానికి ఏమీ లేకపోయింది. ఇప్పుడు చిన్న పుస్తకం పెట్టింది. రెండు వరసలు. ఎడమవైపు ఇంటివాళ్ళ ముందు చెప్పింది, కుడివైపు ఒంటరిగా, దగ్గాక చెప్పింది. చార్టులో మాత్రం కుడివైపు అంకే రాసింది. ఫోన్లు చేసింది. గులాబీ ఫారాలు అయిపోతే ఇంకో కట్ట తెప్పించింది. డ్యూటీ డాక్టరు మూడో రోజున "మీకేమైంది సిస్టర్, ఉన్నట్టుండి వార్డంతా నొప్పులేనా?" అన్నాడు. "ఉన్నట్టుండి కాదు డాక్టర్, ఎప్పుడూ ఉన్నాయి" అన్నది.

తోటి నర్సులు మొదట మొహాలు మాడ్చుకున్నారు. "నువ్వు ఏడు వేసి వెళితే, తర్వాతి డ్యూటీలో మేము మూడు ఎలా వెయ్యాలి? నీ పుణ్యమా అని మా మెడకి చుట్టుకుంటోంది" అన్నారు. "వెయ్యకండి" అన్నది ఆమె. అంతకన్నా వాదన రాదు ఆమెకి.

ఆరు వారాల్లో అరవై నాలుగు మంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారు బట్టలు మడతపెడుతోంది. ఆమె ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. "అత్తయ్యా, ఆయన పుట్టినప్పుడు మీక్కూడా కోశారు కదా. అప్పుడు నొప్పి ఎంత ఉండేది? పదికి?"

"నలభై ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడెందుకే?"

"ఊరికే."

అత్తగారు ఒక తువ్వాలు మడిచింది. ఇంకోటి మడిచింది. కొడుకు గదివైపు ఒకసారి చూసింది. "నీళ్ళు మోస్తున్నప్పుడు కుట్లు పిగిలాయి. ఎవరికీ చెప్పలేదు. పాత చీర చుట్టుకున్నాను" అన్నది. గొంతు తగ్గించి, "ఎనిమిది వేసుకో" అన్నది.

అరవై ఐదు.

* * *

చివరి సమావేశంలో సంతకాలే మిగిలాయి. పెద్ద సర్జన్ నిబంధనలు ఒక్కొక్కటే చదివారు. ఏడోది చదవగానే ఆమె పెన్ను కింద పెట్టి లేచింది. టీ కోసమనుకున్నారు.

"సార్, ఆ నిబంధనకి ఆధారం లేదు."

మినిట్స్ రాసే మనిషి మాట్లాడటం ఆ గదికి అలవాటు లేదు.

"పదకొండు వందల చార్టులు ఆధారం కాదా సిస్టర్?"

ఆమె లోపలి జేబులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "అరవై నాలుగు మంది. ఇంటివాళ్ళ ముందు అడిగితే సగటు మూడు. ఒంటరిగా, దగ్గించి అడిగితే ఏడు. పేషెంట్ నంబర్లు, తారీఖులు, టైములు ఉన్నాయి. మీరు కథలు వద్దంటారుగా, కాగితమే తెచ్చాను." అరవై ఐదో అంకె వేరే పేజీలో ఉంది. అది ఆసుపత్రిది కాదు.

మత్తు డాక్టరమ్మ పుస్తకం లాక్కుని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

"మరి చార్టుల్లో మూడెందుకు ఉంది?" అన్నారు పెద్ద సర్జన్. నిజంగానే అడిగారు.

"నాలుగు వేస్తే మీవాళ్ళు తిడతారు కాబట్టి మేము మూడు వేస్తాం సార్. అందరం. చేరిన మొదటి వారంలోనే నేర్చుకుంటాం." రిజిస్టరులోంచి అక్క చార్టు తీసి పుస్తకం పక్కన పెట్టింది. "ఇది పన్నెండో మంచం. పిత్తాశయం. ఆరో రోజు పోయింది. ఈ ఏడు గళ్ళు నా చేతిరాత. దగ్గితే ప్రాణం పోయేలా ఉంది, అందుకే దగ్గట్లేదు అని నాతో చెప్పింది. నేను మూడు వేశాను. ఈవిడ మా అక్క."

పెద్ద సర్జన్ చార్టు చేతిలోకి తీసుకున్నారు. కింద ఆపరేషన్ చేసిన డాక్టరు సంతకం ఉంటుంది. అది ఆయనదే.

"మీరేం మాట్లాడుతున్నారో మీకు తెలుస్తోందా? ఇది రికార్డులు తప్పుగా రాయడం. విచారణ వెయ్యాల్సి వస్తుంది. మీ మీదే."

"తెలుసు సార్. వెయ్యండి."

ఆయన గొంతు మెత్తబడింది. "దుఃఖంలో ఉన్నారు, నాకర్థమైంది. ఈ చివరి పది నిమిషాలూ మినిట్స్‌లో వద్దు. కొట్టెయ్యండి. మనం విడిగా మాట్లాడుకుందాం."

ఆమె లేవబోయే ముందే రాసిపెట్టుకుంది. పుస్తకం, చార్టు, నంబర్లు, తన పేరు, అంతా పేజీ నిండా ముత్యాల్లా ఉంది. రిజిస్టరు ఆయనవైపు తిప్పి, పెన్ను మూత తీసి ఇచ్చింది.

"కొట్టివేతకి పక్కన సంతకం, తారీఖు ఉండాలి సార్. ఆసుపత్రి రూలు. మీరే కొట్టెయ్యండి."

ఆయన పెన్ను పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకునే ఉన్నారు. తర్వాత దాన్ని రిజిస్టరు మీద అడ్డంగా పెట్టి, "ఏడో నిబంధన వాయిదా వేద్దాం" అన్నారు.

అదీ రాసింది ఆమె.

* * *

వారానికి మెమో వచ్చింది. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. భర్త రెండుసార్లు చదివాడు. "నీకేమైనా మతి ఉందా? అందరూ వేసేదే కదా! ఒక్కదానివే నెత్తిన ఎందుకు వేసుకున్నావు? ఇలా చేస్తే మీ అక్క తిరిగొస్తుందా?"

"రాదు."

"మరి?"

"దగ్గుతారు" అన్నది ఆమె. ఆయనకి అర్థం కాలేదు. చెప్పాలనిపించలేదు. అత్తగారు వంటింట్లోంచి "కూరలో నేను ఉప్పు వేస్తాలే, నువ్వు కూర్చుని ఆ కాగితం రాసుకో" అన్నది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. కూర్చుంది. సంజాయిషీలో ఒకే వాక్యం రాసింది: "ఆరోపణ నిజం, నేను వేసిన అంకెలు తప్పు, వాటి మీద ఆధారపడి రాసే ప్రతి నిబంధనా తప్పే."

సంతకం పెట్టాక అక్క చార్టు నకలు ముందు పెట్టుకుంది. అసలుది విచారణ వాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళు అడిగితే అసలు చార్టు మీదా ఈ దిద్దుబాటే చేస్తుంది. రూలు ప్రకారం తప్పు అంకెను ఒక్క అడ్డగీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, తారీఖు వెయ్యాలి. ఏడు గళ్ళలో ఏడు గీతలు గీసింది. ఏడు సంతకాలు పెట్టింది. ఏడు తారీఖులు వేసింది.

ఏడో నిబంధన ఇంకా తేలలేదు. విచారణ ఇంకా మొదలుకాలేదు. ఆ ఏడు గళ్ళ పక్కన సరైన అంకెలు ఇంకా రాయలేదు. అవి ఎంతో ఆమె అక్కని అడగలేదు.